ఇంట్లో తిల తర్పణం: తిథి లెక్క నుంచి చివరి ఆచమనం దాకా

అమావాస్యలకు, మహాలయ పక్షానికి, సంక్రమణాలకు ఇంట్లోనే తర్పణం (గతించిన పెద్దల పేరున నువ్వులు, నీళ్ళు) వదలాలనుకునేవారు మొదట అడిగేది మంత్రాల గురించి. నిజానికి పొరపాట్లు ఎక్కువగా జరిగేది తిథి దగ్గర, పేర్ల దగ్గర. ఈ రెండూ ముందే సరిచూసుకుంటే మిగిలిన పని ముప్పావుగంటలో అయిపోతుంది. అందుకే ఇందులో సగం భాగం పీట మీద కూర్చోకముందు చేసే పనులకే పోయింది.

ఇది తర్పణానికి మాత్రమే. హోమం, పిండప్రదానం, భోక్తలతో పెట్టే ఆబ్దికానికి (ఏటా తిథి నాడు పెట్టే శ్రాద్ధం), మొదటి ఏడాది మాసికాలకు పురోహితుడు ఉండాల్సిందే.

1. ఎవరు చేయాలి, ఎప్పుడు ఆగాలి

తండ్రి గతించిన కొడుకు చేయాలి. తండ్రి జీవించి ఉన్నవారు తల్లి పోయినా సరే ఈ నిత్య తర్పణాలు వదలరు. తల్లి ఆబ్దికం మాత్రం పెడతారు. అన్నదమ్ములు వేరు కాపురాలుంటే అమావాస్య తర్పణం ఎవరింట్లో వారు చేసుకోవచ్చు.

పురుడు గానీ మైల గానీ ఉంటే ఆగాలి. అశౌచంలో అమావాస్య వస్తే ఆ తర్పణం మానేయడమే. ఆబ్దికమే అశౌచంలో పడితే, అశౌచం తీరిన రోజున పెడతారు. తండ్రి పోయిన ఏడాది లోపల మహాలయం, అమావాస్యలు చేయాలా వద్దా అన్నది మీ ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటుంది. ఇంటి పురోహితుణ్ణి ఒక్కసారి అడిగి ఖాయం చేసుకోండి.

2. తిథి పట్టుకోవడం

ఇంగ్లీషు తేదీ పనికిరాదు. కావలసినవి మూడు: చాంద్రమాన మాసం, పక్షం, ప్రాణం పోయిన నిమిషాన నడుస్తున్న తిథి.

మంగళవారం ఉదయం 9 గంటలకు ప్రాణం పోయింది, ఆ రోజు దశమి 10:30 వరకు ఉంది అనుకుందాం. తిథి దశమే. దహనం సాయంత్రం ఏకాదశిలో జరిగింది కదా అని ఏకాదశి రాసుకుంటే ఏటా తప్పు రోజున పెడుతూ పోతారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. అర్ధరాత్రి దాటాక పోయినవారి విషయంలోనూ అంతే. క్యాలెండర్‌లో తేదీ మారిందా లేదా అని చూడకండి, ఆ సమయానికి ఏ తిథి ఉందో చూడండి. పాత పంచాంగం దొరకకపోతే పంచాంగం యాప్‌లో ఆ తేదీ, ఆ ఊరు ఇస్తే తిథి ఏ గంటకు మారిందో తెలుస్తుంది.

ఇక ఏటా ఆ తిథి ఏ రోజున పట్టాలి? పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగం అపరాహ్ణం. ఆబ్దికానికి ఆ అపరాహ్ణంలో తిథి ఉండాలి. సూర్యోదయానికి తిథి ఉంటే చాలనుకోవడం పండుగల లెక్క, పితృకార్యానికి అది వర్తించదు. చాలా తెలుగు పంచాంగాల్లో శ్రాద్ధతిథి విడిగా ఇస్తారు, దాన్నే చూడండి.

సమయం మీరే లెక్క కట్టుకోవచ్చు:

- సూర్యోదయం 6:06, సూర్యాస్తమయం 5:36 అనుకుంటే పగలు 690 నిమిషాలు.
- దాన్ని 15తో భాగిస్తే ఒక ముహూర్తం 46 నిమిషాలు.
- ఎనిమిదో ముహూర్తం కుతప కాలం: 11:28 నుంచి 12:14 వరకు. అమావాస్య తర్పణానికి ఇది మంచి సమయం.
- పది నుంచి పన్నెండో ముహూర్తం దాకా అపరాహ్ణం: 1:00 నుంచి 3:18 వరకు.

ఆఫీసుకు ఆలస్యమవుతుందని పొద్దున్నే ఆరు గంటలకు తర్పణం వదిలేవారున్నారు. అది దేవతల వేళ. ఆ రోజు మధ్యాహ్నం దాకా సెలవు పెట్టుకోవడమే మేలు.

అధికమాసం వచ్చిన ఏడు జాగ్రత్త. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. ఆ మాసాల్లో తిథి ఉన్నవారికి సాధారణంగా అధికం తర్వాత వచ్చే నిజమాసంలోనే ఆబ్దికం పెడతారు. కొన్ని ఇళ్ళలో అధికంలోనూ తర్పణం వదులుతారు.

మహాలయ పక్షం భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా. పోయినవారి తిథి ఏ మాసానిదైనా, శుక్లమైనా బహుళమైనా, ఈ పక్షంలో వచ్చే అదే తిథిని తీసుకోవాలి. మరికొన్ని గుర్తులు:

- భర్త ఉండగా పోయిన ముత్తయిదువకు అవిధవ నవమి
- సన్యసించినవారికి ద్వాదశి
- ప్రమాదంలోనో ఆయుధం వల్లో పోయినవారికి చతుర్దశి
- చతుర్దశి నాడు మామూలుగా పోయినవారికీ, పౌర్ణమి నాడు పోయినవారికీ, తిథి తెలియనివారికీ అమావాస్య

తెలంగాణలో పెత్రమాస అని పిలిచే రోజు ఈ మహాలయ అమావాస్యే.

మాసం గుర్తుండి తిథి గుర్తు లేకపోతే ఆ మాసపు అమావాస్య పట్టండి.

3. పేర్ల కాగితం

ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు వరుసలు రాయండి. ఒక్కో వరుసలో ముగ్గురు, మొత్తం పన్నెండు మంది. మంత్రంలో వచ్చే రూపం పక్కనే రాసుకుంటే ఆ రోజు తడబాటు ఉండదు.

- తండ్రి (పితరం), తాత (పితామహం), ముత్తాత (ప్రపితామహం)
- తల్లి (మాతరం), నాయనమ్మ (పితామహీం), ఆమె అత్తగారు (ప్రపితామహీం)
- అమ్మ నాన్న (మాతామహం), ఆయన తండ్రి (మాతుః పితామహం), ఆయన తాత (మాతుః ప్రపితామహం)
- అమ్మమ్మ (మాతామహీం), ఆమె అత్తగారు (మాతుః పితామహీం), ఆ పై తరం అత్తగారు (మాతుః ప్రపితామహీం)

ప్రతి వరుసలో మొదటివారు వసురూపం, రెండోవారు రుద్రరూపం, మూడోవారు ఆదిత్యరూపం. స్త్రీలకు వసురూపాం, రుద్రరూపాం, ఆదిత్యరూపాం.

జీవించి ఉన్నవారి పేరు ఇందులో ఉండకూడదు. తల్లి ఉంటే రెండో వరుస నాయనమ్మతో మొదలవుతుంది, ఆమె పైన మరో ఇద్దరు అత్తగార్లు వస్తారు. తండ్రి పోయి తాతగారు ఉంటే తాతను వదిలి పైవారిద్దరినీ చేర్చాలి. నిరుడు వాడిన కాగితాన్నే చూసి చదివేముందు దాన్ని ఒకసారి మళ్ళీ సరిచూడండి. ఈ ఏడాదిలో ఎవరైనా పోయి ఉండవచ్చు.

గోత్రాల దగ్గర ఇంకో చిక్కు. అమ్మకూ నాయనమ్మకూ మీ గోత్రమే. అమ్మ నాన్నకూ అమ్మమ్మకూ వాళ్ళ ఇంటి గోత్రం. పెళ్ళయి వెళ్ళిన అక్కచెల్లెళ్ళకు, మేనత్తలకు వాళ్ళ అత్తింటి గోత్రం చెప్పాలి. పుట్టింటి గోత్రం చెప్పేస్తుంటారు, సరిచేసుకోండి. గోత్రం బొత్తిగా తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్తారు.

పన్నెండు మంది తర్వాత కారుణ్య పితరులు: గతించిన భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పెదనాన్నలు, బాబాయిలు, మేనత్తలు, మేనమామలు, పెద్దమ్మలు, పిన్నమ్మలు, అత్తమామలు, గురువు, స్నేహితులు. వీళ్ళు ఎంతమంది ఉంటే అంతమంది.

ముత్తాత పేరు తెలియని ఇళ్ళు చాలా ఉన్నాయి. వెతికితే దొరుకుతుంది. పాత భూమి దస్తావేజుల్లో తండ్రి పేరు రాసే చోట చూడండి. అమ్మానాన్నల లగ్నపత్రిక తీయండి. పెద్ద మేనత్తకో, అమ్మ వైపు పెద్దవారికో ఫోన్ చేయండి. ఎప్పుడో గయకో కాశీకో వెళ్ళినవారుంటే అక్కడి పండాల పుస్తకాల్లో కూడా వంశం పేర్లు ఉంటాయి. దొరికినదాకా ఆగక్కర్లేదు. పేరు చెప్పకుండా "ప్రపితామహం" అని బంధుత్వంతోనే వదలవచ్చు.

4. సామగ్రి

- నల్ల నువ్వులు 50 గ్రాములు. పొట్టు తీసినవి, వేయించినవి వద్దు. ముందు రోజు కడిగి నీడన ఆరబెట్టండి, మట్టీ రాళ్ళూ పోతాయి.
- దర్భలు చిన్న కట్ట. పవిత్రానికి (వేలికి పెట్టుకునే దర్భ ఉంగరం) మూడు, కూర్చకు (ముడి వేసిన దర్భలు, నీళ్ళు దీని మీదే పడాలి) మూడు, కింద పరచడానికి నాలుగైదు. కొన్ని విరిగిపోతాయి, కొంచెం ఎక్కువే తెచ్చుకోండి.
- నీళ్ళు మూడు లీటర్లు.
- అంచు ఎత్తుగా ఉన్న ఇత్తడి లేదా రాగి పళ్ళెం, మూడు లీటర్లు పట్టేది.
- చెంబు, ఉద్ధరిణి, పంచపాత్ర. రాగి, ఇత్తడి, వెండి ఏదైనా సరే. ఇనుము వద్దు.
- కాసిని అక్షతలు, పీట, తడి తుడుచుకునే గుడ్డ.
- పేర్ల కాగితం, మంత్రాల కాగితం. తడవకుండా ఎత్తు మీద పెట్టుకోవాలి.

నీళ్ళ లెక్క ఎందుకంటే: పన్నెండు మందికి మూడేసి చొప్పున 36 సార్లు, కారుణ్య పితరులు ఇరవై మంది ఉంటే మరో 20. ఒక్కోసారికి 40 మిల్లీలీటర్లు వేసుకున్నా దాదాపు రెండుంబావు లీటర్లు అవుతుంది. భోజనం కంచం పెట్టుకుంటే సగంలో పొంగిపోతుంది, చెంబు ఖాళీ అయి మధ్యలో లేవాల్సి వస్తుంది.

దర్భలు ఎండి ఉంటే ముడి వేసేటప్పుడు పుటుక్కున విరుగుతాయి. పావుగంట ముందు నీళ్ళు చిలకరించి ఉంచండి.

5. ముందు రోజు, ఆ రోజు ఉదయం

ముందు రోజు రాత్రి అన్నం మాని ఫలహారంతో సరిపెట్టుకోవడం, బ్రహ్మచర్యం, బయటి తిండి తినకపోవడం. క్షవరం ముందే చేయించుకోవాలి, ఆ రోజున కాదు.

ఆ రోజు తలస్నానం చేసి, ఉతికి ఆరేసిన పంచె కట్టుకుని, సంధ్యావందనం ఉన్నవారు దాన్ని ముగించాలి. తర్పణం అయ్యేదాకా ఏమీ తినరు. మధుమేహం ఉండి మాత్ర వేసుకోవాల్సినవారు పాలో పండో తీసుకుని కూర్చోండి. కళ్ళు తిరిగి మధ్యలో ఆపడం కంటే అది నయం.

ఆబ్దికం రోజున చాలా ఇళ్ళలో కార్యం పూర్తయ్యేదాకా వాకిట్లో ముగ్గు పెట్టరు. వంటలో ఉల్లి, వెల్లుల్లి, మునగ, ముల్లంగి, క్యాబేజీ, టమోటా రానివ్వరు. పచ్చిమిర్చి బదులు మిరియం, కందిపప్పు బదులు పెసరపప్పు. అరటికాయ, కంద, చేమ, కాకర వండుతారు. గారెలు, పరమాన్నం ఉంటాయి. ఈ జాబితా ఇంటింటికీ కొంత మారుతుంది, మీ ఇంటి పెద్దల మాటే ప్రమాణం.

6. కూర్చునే తీరు

ఇక్కడ మూడు సంగతులు కలిసి మారతాయి: దిక్కు, జంధ్యం, చేతి నుంచి నీళ్ళు జారే చోటు.

ఆచమనం, సంకల్పం తూర్పు ముఖంగా, జంధ్యం ఎడమ భుజం మీద ఉండగా చేయాలి. అది సవ్యం. తర్పణం మొదలుపెట్టేముందు దక్షిణానికి తిరిగి జంధ్యాన్ని కుడి భుజం మీదికి మార్చుకోవాలి. అదే ప్రాచీనావీతి, అపసవ్యమనీ అంటాం. జంధ్యం లేనివారు ఉత్తరీయాన్ని అలాగే మార్చుకుంటారు. ఎడమ మోకాలు నేలకు ఆనించి కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులుంటే ఎత్తుపీట మీద కూర్చుని ముందుకు వంగండి.

నీళ్ళు కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారాలి. అది పితృతీర్థం. వేళ్ళ కొసల నుంచి జారితే దేవతీర్థం, చిటికెనవేలి మొదట్లోంచి జారితే ఋషితీర్థం. అలవాటు లేనివారి చేయి తనంతట తాను కొసల వైపు వాలిపోతుంది. బొటనవేలిని కొంచెం ఎడంగా పెట్టి అరచేతిని ఎడమవైపు నుంచి ఎత్తి కుడికి వంచితే సరిగా జారుతుంది. ముందు రోజు వట్టి నీళ్ళతో అయిదారుసార్లు చేసి చూసుకోండి.

7. తర్పణ క్రమం

*మొదట.* ఆచమనం, ప్రాణాయామం. కుడిచేతి ఉంగరపు వేలికి పవిత్రం.

*సంకల్పం.* సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెప్పి, మహాలయమా, దర్శమా (అమావాస్య), సంక్రమణమా చెప్పి "తిల తర్పణం కరిష్యే" అనాలి. పుస్తకంలో "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే" అని అచ్చువేసి ఉంటే అందరూ అదే చదివేస్తారు. విశాఖపట్నంలో ఉన్నవారికి అది సరిపోతుంది. హైదరాబాదు శ్రీశైలానికి ఉత్తరపు వైపున, తిరుపతి దక్షిణపు వైపున ఉన్నాయి. మీ ఊరు ఎటువైపో మ్యాపులో చూసి దిద్దుకోండి.

*ఆవాహన.* దక్షిణానికి తిరిగి జంధ్యం మార్చుకుని, పళ్ళెంలో దర్భలు కొసలు దక్షిణానికి వచ్చేలా పరిచి, వాటి మీద కూర్చ ఉంచాలి. "ఆయాత పితరః" మంత్రం వచ్చినవారు చెప్తారు. రానివారు పితృదేవతలు వచ్చి కూర్చోవాలని తెలుగులోనే వేడుకుని కూర్చ మీద నువ్వులు చల్లండి. తర్వాత ఈ శ్లోకం మూడుసార్లు:

"దేవతాభ్యః పితృభ్యశ్చ మహాయోగిభ్య ఏవ చ
నమః స్వాహాయై స్వధాయై నిత్యమేవ నమో నమః"

*వదలడం.* చేతిలో నాలుగు నువ్వుగింజలు, నీళ్ళు. పురుషులకు ఇలా:

"(గోత్రం పేరు) గోత్రం, (పేరు) నామధేయం, వసురూపం, అస్మత్ పితరం, స్వధా నమస్తర్పయామి"

స్త్రీలకు ఇలా:

"(గోత్రం పేరు) గోత్రాం, (పేరు) నామధేయాం, వసురూపాం, అస్మత్ మాతరం, స్వధా నమస్తర్పయామి"

"స్వధా నమస్తర్పయామి" అన్నప్పుడే నీళ్ళు కూర్చ మీద పడాలి, ముందు కాదు. పన్నెండు మందికీ మూడేసిసార్లు. కొన్ని ఇళ్ళలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వలకు మూడు, మిగతా స్త్రీలకు ఒక్కటి. కారుణ్య పితరులకు ఒక్కొక్కటి చాలు. తొందరపడకండి. పేరు చెప్పి, ఆ మనిషిని ఒక్క క్షణం తలుచుకుని వదలండి.

*చివర్లో* పేరు తెలియనివారికీ, ఎవరూ లేనివారికీ:

"యేషాం న మాతా న పితా న బంధుర్నాన్యగోత్రిణః
తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః"

దీన్ని తొందరలో దాటేయకండి. పిల్లలు లేకుండా పోయినవారు, ఊరూ పేరూ తెలియకుండా పోయినవారు మనింటి పళ్ళెంలో నీళ్ళు అందుకునేది ఈ ఒక్క శ్లోకంతోనే. "తృప్యత, తృప్యత, తృప్యత" అని ముగించండి.

*ముగింపు.* జంధ్యాన్ని దండలా మెడలో వేసుకుని (నివీతి), కొసను నీళ్ళలో తడిపి పిండి నేల మీద వదలాలి. కులంలో సంతానం లేకుండా పోయినవారికి అది. తర్వాత జంధ్యం సవ్యం, తూర్పు ముఖం. పవిత్రం ముడి విప్పి తీసేసి ఆచమనం. "కాయేన వాచా" చెప్పి చేసినదంతా నారాయణుడికి సమర్పించండి.

8. పళ్ళెం ఎత్తాక

నీళ్ళు సింకులో, బాత్రూములో పోయకూడదు. ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోయండి. తులసికోటలో మాత్రం వద్దు. అపార్ట్‌మెంట్‌లో చోటు లేకపోతే మూత ఉన్న బిందెలో పట్టుకెళ్ళి పార్కులో చెట్టు మొదలు వెతుక్కోవాలి. దర్భలను కూడా అక్కడే వదలవచ్చు.

కాకికి అన్నం ముద్ద పెట్టాకే ఇంట్లోవారు తింటారు. కాకి రాకపోతే అపశకునమని బెంబేలెత్తకండి. నగరాల్లో అవి తగ్గిపోయాయి. గోడ మీద పెట్టి పావుగంట చూసి, ఆవుకు మరో ముద్ద పెట్టి భోజనానికి లేవండి.

స్వయంపాకం (వండుకోవడానికి ఇచ్చే సరుకులు) ఇవ్వాలంటే ఒక మనిషి రెండు పూటలు వండుకు తినేంత లెక్క వేసుకోండి: అరకిలో బియ్యం, పావుకిలో పెసరపప్పు, రెండు మూడు రకాల కూరగాయలు, నెయ్యి, బెల్లం, చింతపండు, ఉప్పు, పెరుగు, తాంబూలం, దక్షిణ. పెత్రమాసకు పెద్దల పేరు మీద బియ్యం ఇవ్వడమూ ఇదే. పురుగు పట్టిన బియ్యం, వాడిపోయిన కూరలు మూట కట్టకండి. మీ నాన్నకు వడ్డించే సరుకే ఇవ్వండి.

9. మధ్యలో తప్పు జరిగితే

- జంధ్యం మార్చడం మరిచి మొదలుపెట్టారు: ఆగి, మార్చుకుని, మొదటి పేరు నుంచి మళ్ళీ వదలండి. ముందు వదిలినవి లెక్కలోకి రావు.
- వరుస తప్పింది: తప్పిపోయినవారికి ఇప్పుడు తర్పణం వదలండి. వెనక్కి వెళ్ళి మొత్తం తిరిగి చేయనక్కర్లేదు.
- నువ్వులు అరచేతికి అంటుకుపోతున్నాయి: చేయి తుడవకండి, నీళ్ళు కొంచెం ఎక్కువగా పోసుకోండి.
- పళ్ళెం నిండింది: కూర్చను కదపకుండా ఉద్ధరిణితో నీళ్ళు వేరే గిన్నెలోకి తోడండి. ఆ నీళ్ళు కూడా చెట్టు మొదట్లోకే.
- జీవించి ఉన్నవారి పేరు వచ్చేసింది: భయపడాల్సిన పనిలేదు. విష్ణువును తలుచుకుని సరైన పేరుతో మళ్ళీ వదలండి, కాగితంలో దిద్దుకోండి.
- మహాలయంలో అసలు తిథి దాటిపోయింది: మహాలయ అమావాస్య మిగిలే ఉంది.

10. తర్పణం వదలలేనివారికి

కొడుకులు లేని ఇళ్ళలో కూతుళ్ళు అడుగుతుంటారు. ఆడపిల్లలు తర్పణం వదలడంపై ఆచారాలు ఒక్కలా లేవు. దౌహిత్రుడు (కూతురి కొడుకు) ఉంటే అతని చేత చేయించవచ్చు. అది ఎలా ఉన్నా, తిథి రోజున స్వయంపాకం ఇవ్వడం, అన్నం పెట్టడం, విష్ణు సహస్రనామ పారాయణ, ఆవుకు గ్రాసం, ఇవి ఎవరైనా చేయవచ్చు.

విదేశాల్లో ఉన్నవారు తిథిని తామున్న ఊరి పంచాంగం ప్రకారం చూసుకోవాలి. హైదరాబాదులో అమావాస్య ఉన్న రోజు మీ ఊళ్ళో మధ్యాహ్నానికి అమావాస్య ఉండకపోవచ్చు. దర్భలు దొరకని చోటికి వెళ్తుంటే ఒక కట్ట పేపర్లో చుట్టి వెంట తీసుకెళ్ళండి. తడి తగలకపోతే ఏడాది నిలుస్తాయి. పేర్ల కాగితం రెండు ప్రతులు రాసి ఒకటి పంచాంగంలో పెట్టి, రెండోది మీ పిల్లల చేతికి ఇచ్చి ఉంచండి.